మోకాలి మార్పిడికి ముందు గంటన్నర క్లాసు: ఏం నేర్పుతున్నారు, ఏం వదిలేస్తున్నారు

మోకాలి మార్పిడికి తేదీ ఖాయం చేసుకున్నవాళ్లను రెండు మూడు వారాల ముందే పిలిచి, కూర్చోబెట్టి అంతా వివరించే పద్ధతి మన కార్పొరేట్ ఆసుపత్రుల్లోకీ వచ్చింది. ఒకచోట దీన్ని జాయింట్ స్కూల్ అంటారు, ఇంకోచోట ప్రీ-ఆప్ కౌన్సెలింగ్. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి నడుస్తున్నదే. మేం ఇక్కడ చూస్తున్నది హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి శనివారాలు పెట్టే క్లాసు. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులోని మంచీ చెడూ ఇలాంటి క్లాసులు చాలావాటిలో కనిపించేవే.

విడిగా ఫీజు లేదు, ప్యాకేజీలోనే కలిసి ఉంటుంది. పేషెంటుతో పాటు ఇంట్లోవాళ్లు ఒకరు రావాలి. మొదటి అరగంట తెర మీద బొమ్మలు, తర్వాతి అరగంట నర్సు చెప్పే జాగ్రత్తలు, చివరి అరగంట ఫిజియోథెరపిస్టు వాకర్ పట్టించి నడిపించడం. మధ్యలో ఇన్సూరెన్స్ డెస్క్ నుంచి ఒకరు వచ్చి కాగితాల సంగతి చెప్పి వెళ్తారు. చేతికి 28 పేజీల తెలుగు పుస్తకం ఇస్తారు, ఫోన్‌కు వీడియో లింకు పంపుతారు.

మా తీర్పు ముందే చెప్పేస్తాం: వెళ్లండి. మొదటి అరగంట తప్పిపోయినా నష్టం లేదు, చివరి అరగంట మాత్రం వదులుకోవద్దు.

క్లాసుకు వెళ్తే నొప్పి తగ్గుతుందని, త్వరగా నడుస్తారని అక్కడ చెబుతారు. అంత మాట అనడానికి ఆధారం లేదు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన, కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల సంస్థ సమీక్ష 2014లో తేల్చింది ఏమిటంటే, మామూలుగా ఇచ్చే వైద్యానికి ఈ చదువు తోడైనా నొప్పిలో, నడకలో పెద్ద తేడా వస్తుందని రుజువు కాలేదు, ఆందోళన కొంత తగ్గవచ్చు. మాకిది ఆశ్చర్యంగా లేదు. ఇంటికి వెళ్లాక జరిగే పొరపాట్లు చాలావరకు చేతికి, కాలికి అలవాటు లేక జరిగేవి. బొమ్మలు చూపిస్తే ఆ అలవాటు రాదు. అందుకే ఈ క్లాసులో ఏ భాగం పేషెంటు చేత చేయించేదో, ఏ భాగం వినిపించి వదిలేసేదో చూసుకుంటూ మార్కులు వేశాం.

తెర ముందు అరగంట

ఇందులో బాగున్నది ఒక్కటే, ప్లాస్టిక్ మోకాలి నమూనా. దాన్ని పేషెంట్ల చేతికిస్తారు. మన దగ్గర అందరూ "మోకాలి చిప్పలు మార్చుకున్నారు" అంటారు కదా, చిప్ప తీసి కొత్త చిప్ప పెడతారనే అనుకుంటారు. నమూనా చేతిలోకి రాగానే ఆ అపోహ పోతుంది. తొడ ఎముక కింది కొసను, కాలి ఎముక పై కొసను సుమారు 8 నుంచి 10 మిల్లీమీటర్ల మేర చెక్కి, పైదానికి లోహపు తొడుగు, కిందిదానికి లోహపు పళ్లెం, రెంటి మధ్య పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ ముక్క పెడతారు. అరిగిపోయిన గుజ్జు చేసే పని ఆ ముక్క చేస్తుంది. చిప్ప లోపలివైపు పలచని ప్లాస్టిక్ బిళ్ల అతికించడమా, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయడమా అన్నది సర్జన్ నిర్ణయం. కండరాలు, ఎముకలను పక్కల నుంచి కలిపి పట్టే లిగమెంట్లు పాతవే. ఆపరేషన్ తర్వాత కష్టపడాల్సింది ఆ పాత కండరాలే అని నమూనా పట్టుకున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మిగతా సమయమంతా ఆపరేషన్‌లో వాడే రోబోకే పోయింది. రోబో మీద తొమ్మిది స్లైడ్లు, ఇన్ఫెక్షన్ మీద ఒకటి. కోసేది రోబోనా, డాక్టరా అన్నది ఆ తొమ్మిదిలో ఎక్కడా సూటిగా చెప్పలేదు. ఎక్కువ రకాల్లో కోసేది డాక్టరే, కొలతలకు, రంపం గీత దాటకుండా ఆపడానికి రోబో చేయి సాయపడుతుంది. పదేళ్ల తర్వాత మోకాలు ఎలా ఉంటుందన్న విషయంలో మామూలు పద్ధతి కంటే ఇది స్పష్టంగా మేలని ఇంకా తేలలేదు. అదనపు ఖర్చు మాత్రం బిల్లులో స్పష్టంగానే తేలుతుంది. బంగారు రంగు ఇంప్లాంట్ స్లైడు కూడా అలాంటిదే. ఆ రంగు టైటానియం సమ్మేళనపు పూత, ముఖ్యంగా లోహం పడనివాళ్ల కోసం. బంగారం కాబట్టి ఎక్కువ కాలం మన్నుతుందేమో అనుకునేలా దాన్ని చూపించడం సరికాదు.

అసలు చెప్పాల్సిన ముక్క ఇక్కడే జారిపోయింది. మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరు పూర్తిగా తృప్తి పడరని అధ్యయనాలు చాలాకాలంగా చెబుతున్నాయి. దానికి పెద్ద కారణాల్లో ఒకటి, ముందు ఆశించినది వేరు, తర్వాత దక్కినది వేరు కావడం. పుస్తకం అట్ట మీద చీర కట్టుకున్న పెద్దావిడ పార్కులో చకచకా నడుస్తుంటుంది. ఆ పెద్దావిడకు తెలుసుకోవాలని ఉండే ప్రశ్నలకు మాత్రం లోపల జవాబు లేదు. పీట మీద కూర్చుని పూజ చేసుకోవచ్చా? నేల మీద బాసింపట్టు వేసుకోవచ్చా? ఊళ్లో పాతకాలపు మరుగుదొడ్డి వాడవచ్చా? మేం చెప్పే జవాబు: గొంతుక్కూర్చోవడం మానుకోవాలి. నేల మీద కూర్చోవడం కొందరికి వీలవుతుంది, కానీ లేవడం కష్టం, దాన్ని అలవాటుగా పెట్టుకోవద్దు. మోకాళ్ల మీద వంగి నిలబడితే ఏం విరగదు గానీ చాలామందికి ఇబ్బందిగా, మొద్దుగా ఉంటుంది. నడక, మెట్లు, బస్సు ఎక్కడం, రాత్రి నొప్పి లేని నిద్ర... వీటి కోసమైతే ఈ ఆపరేషన్ చాలావరకు మాట నిలబెట్టుకుంటుంది.

"జీవితకాలం మన్నుతుంది" అన్న మాట కూడా విన్నాం. 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం పూర్తి మోకాలి మార్పిడుల్లో సుమారు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తాయి. మంచి అంకే, దాచాల్సిన అవసరమే లేదు. 70 ఏళ్లావిడకు అది జీవితకాలం, 50 ఏళ్లాయనకు కాకపోవచ్చు. క్లాసులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

నర్సు చెప్పిన జాగ్రత్తలు

ఈ భాగం సగం అద్భుతం, సగం అరకొర.

అద్భుతమైన సగం చర్మం గురించి. నర్సు అందరి చేతా చెప్పులు విప్పించి కాళ్లు చూసింది. వేళ్ల మధ్య తడికి నాని తెల్లబడిన చర్మం, మడమల పగుళ్లు, గోరు చుట్టూ వాపు, దోమ కుట్టి గోకిన పుండు ఇవన్నీ సూక్ష్మక్రిములు లోపలికి రావడానికి దారులు. రెండు వారాల ముందే కనబడితే మందు రాసి మాన్పుకోవచ్చు, ఆపరేషన్ రోజు పొద్దున కనబడితే తేదీ వాయిదా పడుతుంది. ఇంట్లో రేజరుతో గీసుకోవద్దని కారణంతో సహా చెప్పింది: కంటికి కనబడని గాట్లు పడతాయి, క్రిములు వాటిలో చేరతాయి. వెంట్రుకలు తీయాల్సి వస్తే ఆసుపత్రిలోనే క్లిప్పరుతో తీస్తారు. ముందురోజు రాత్రి, ఆ రోజు పొద్దున క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంతో స్నానం, తర్వాత ఉతికిన బట్టలు, ఉతికిన దుప్పటి. స్నానమయ్యాక పసుపు, నూనె, పౌడరు ఏదీ వద్దు. మెట్టెలు ముందే తీయించుకుని రమ్మంది. ఏళ్ల నాటి మెట్టెలు వాచిన వేలి నుంచి ఊడిరావు, కత్తిరించాల్సి వస్తుంది. పంటి నొప్పి, మూత్రంలో మంట ఉంటే దాచవద్దంది. ఇవన్నీ చెప్పాల్సినవే, చెప్పాల్సిన పద్ధతిలోనే చెప్పింది.

అరకొర సగం మందులది. పుస్తకంలో "షుగర్ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు డాక్టరును అడిగి ఆపాలి" అని ఒక్క వాక్యం. ఏ డాక్టరును, ఎప్పుడు? డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు మామూలుగా మూడు రోజుల ముందు ఆపిస్తారు. ఆపకపోతే ఉపవాసంలో, ఆపరేషన్ ఒత్తిడిలో షుగర్ అంకె పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది. ముందురోజు సాయంత్రం అడ్మిట్ అయ్యాక ఈ సంగతి తెలిస్తే చేసేదేం లేదు. రక్తం పలచబడే క్లోపిడోగ్రెల్ లాంటివాటికి ఇంకా జాగ్రత్త కావాలి. గుండెలో స్టెంటు ఉన్నవాళ్లు ఎవరో చెప్పారని తమంతట తాము ఆపితే స్టెంటు మూసుకుపోవచ్చు. అది గుండె డాక్టరు, మత్తు డాక్టరు కలిసి నిర్ణయించాల్సిన విషయం. కాబట్టి క్లాసుకు వెళ్లేటప్పుడు పుస్తకం, పెన్ను కాదు, ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి. ఆయుర్వేద చూర్ణాలు, నొప్పులకని ఎవరో ఇచ్చిన పొట్లాలు కూడా. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు కలిపి అమ్మడం కొత్తేం కాదు.

ఇంకో ప్రశ్న నర్సు ఎవరినీ అడగలేదు: "గత మూడు నెలల్లో మోకాల్లోకి సూది వేయించుకున్నారా?" కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్న మూడు నెలలలోపు మార్పిడి చేస్తే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది, అందుకే చాలామంది సర్జన్లు ఆగమంటారు. తేదీ వచ్చేలోపు నొప్పి ఓర్చుకోలేక దగ్గర్లో సూది వేయించుకునేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. అడగకపోతే వాళ్లు చెప్పరు, తప్పని తెలియదు కాబట్టి.

ఉపవాసం సంగతికొస్తే, "రాత్రి 12 తర్వాత నీళ్లు కూడా తాగరాదు" అని పుస్తకం. ఇది పాత లెక్క. ఇప్పటి మార్గదర్శకాల్లో తేలికపాటి తిండికి 6 గంటలు, మంచినీళ్లలాంటి తేటనీటికి 2 గంటలు. మధ్యాహ్నం 2 గంటలకు ఆపరేషన్ ఉన్న షుగర్ పేషెంటును పద్నాలుగు గంటలు నీళ్లు లేకుండా ఎండబెట్టడం వల్ల మేలు లేదు, కళ్లు తిరగడం, షుగర్ పడిపోవడం తప్ప. మీ మత్తు డాక్టరు ఏం చెబితే అదే పాటించండి, కానీ "నీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చు" అని అడిగి గంటతో సహా రాయించుకోండి. పాలు పోసిన టీ మాత్రం నీళ్ల కింద రాదు, తిండి కిందే లెక్క. పొద్దున ఆరింటికి "కాస్త టీ చుక్కే కదా" అని ఇచ్చిన కప్పు వల్ల ఆపరేషన్ మధ్యాహ్నానికి వాయిదా పడుతుంది, లేదా ఆ రోజుకు రద్దవుతుంది. ఈ టీ ముక్క పుస్తకంలో పెద్దక్షరాలతో ఉండాలి. లేనేలేదు.

చివరి అరగంట

ఇందుకోసమే వెళ్లమన్నది. కుర్చీలు పక్కకు జరిపారు. ఆరు వాకర్లు, మూడు మెట్ల చెక్క నిచ్చెన, ఒక మంచం, ఒక కమోడ్ కుర్చీ. ఫిజియోథెరపిస్టు ముందు తను చేసి చూపించలేదు. వాకర్ ఒక పెద్దావిడ ముందు పెట్టి, "అమ్మా, ఇది మీ ఎత్తుకు సరిపోయిందో లేదో మీరే చెప్పాలి" అంది.

సరిచూసే పద్ధతి ఇది. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే నిటారుగా నిలబడి చేతులు వదిలేయాలి. వాకర్ పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. పట్టుకున్నప్పుడు మోచేయి కొంచెం వంగి ఉండాలి. ఎక్కువ ఎత్తుంటే భుజాలు పైకి లేచి మెడ పట్టేస్తుంది, తక్కువుంటే ముందుకు వంగి నడుస్తారు, మోకాలు చాచుకోదు. నాలుగు కాళ్లకూ ఎత్తు మార్చే గుండీలు ఒకే ఎత్తు రంధ్రంలో పడ్డాయో లేదో వేలితో తడిమి చూడాలి. ఒకటి లోపలే ఉండిపోతే ఆ కాలు బరువు పడగానే దిగిపోతుంది. మడత విప్పినప్పుడు రెండువైపులా "టక్" మని వినపడాలి. కింది రబ్బరు బూట్లు అరిగి నున్నగా అయితే తడి గచ్చు మీద జారతాయి. కొత్తవి విడిగా దొరుకుతాయి. పక్కింట్లో వాడి అటక మీద పెట్టిన వాకర్ అడిగి తెచ్చుకోవడం మంచిదే, కానీ ఈ నాలుగూ చూశాకే.

నడిచే వరస: ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, ఆ తర్వాత మంచి కాలు. లేచేటప్పుడు వాకర్ పట్టుకుని లాక్కోకూడదు, అది మీద పడుతుంది. ఆపరేషన్ కాలు కాస్త ముందుకు చాపి, కుర్చీ చేతుల మీద ఆనించి లేచి, నిలబడ్డాక వాకర్ పట్టుకోవాలి. అందుకే ఇంట్లో చేతులున్న, గట్టి, కాస్త ఎత్తైన కుర్చీ ఒకటి ఉండాలి. కూరుకుపోయే సోఫా వద్దు. మెట్లకు సూత్రం: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఒక్కొక్కరి చేతా మూడుసార్లు ఎక్కించి దించింది. మొదటిసారి సగం మంది తప్పు కాలే వేశారు, చెప్పింది విని తలూపినవాళ్లే. మూడోసారికి నోటితో అనుకుంటూ సరిగ్గా వేశారు.

మాకు బాగా నచ్చింది ఆమె అడిగే తీరు. "అర్థమైందా?" అని ఒక్కసారీ అనలేదు. అలా అడిగితే మనవాళ్లు "ఆ, అర్థమైందమ్మా" అనేస్తారు, ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టడం ఎందుకని. ఆమె మాత్రం వెంట వచ్చిన కోడలి వైపు తిరిగి, "రేపు మీ మామగారు బాత్రూం నుంచి లేవాలంటే ఏం చేయాలో మీరు ఆయనకు చెప్పండి, నేను వింటా" అంది. కోడలు తడబడింది, మామగారు సరిచేశారు. ఇద్దరూ నేర్చుకున్నారు. ఈ పద్ధతి నర్సు భాగంలో కూడా ఉంటే మాత్రల గందరగోళం సగం తగ్గేది.

లోటు లేకపోలేదు. గడప సంగతి ఎవరికీ తట్టలేదు. మన ఇళ్లలో వీధి గడప, పూజగది గడప, బాత్రూం ముందు నీళ్లు రాకుండా కట్టిన చిన్న గట్టు అన్నీ వాకర్‌కు అడ్డమే. వాకర్ నాలుగు కాళ్లూ గడపకు అవతలే పడాలి, రెండు ఇవతల రెండు అవతల పడితే ఊగి తిప్పేస్తుంది. గడప తొక్కకూడదన్న మన పెద్దల మాట ఇక్కడ భేషుగ్గా పనికొస్తుంది. మీ ఇంటి గడపల ఎత్తు, బాత్రూం తలుపు వెడల్పు టేపుతో కొలిచి రాసుకుని వెళ్లండి. కొన్ని బాత్రూం తలుపుల్లోంచి వాకర్ నేరుగా దూరదు. ఆ సంగతి ఇంటికొచ్చిన రాత్రి కంటే ముందే తెలియడం మంచిది.

ఇంకో లోటు, తుంటి మార్పిడివాళ్లను కూడా ఇదే క్లాసులో కూర్చోబెట్టడం. వెనకవైపు నుంచి కోసి చేసే తుంటి ఆపరేషన్‌కు జాగ్రత్తలు వేరు. కొన్ని వారాలు తుంటిని 90 డిగ్రీలు దాటి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు, లేకపోతే కీలు జారవచ్చు. మోకాలివాళ్లకు "బాగా వంచండి, ఇంకా వంచండి" అంటుంటే పక్కన తుంటి పేషెంటు కూడా తలూపుతూ వింటున్నారు. ఇది ప్రమాదం. తుంటివాళ్లయితే విడిగా సమయం అడగండి.

దిండు, పత్యం, చీము

పుస్తకంలోని వ్యాయామాలు సరైనవే: పాదం పైకీ కిందికీ ఆడించడం, తొడ కండరం బిగించి 5 సెకన్లు పట్టడం, మడమను మంచం మీద జరుపుతూ మోకాలు వంచడం, కాలు చాచి పైకెత్తడం. ఒక్కొక్కటి పదేసిసార్లు, రోజుకు మూడు నాలుగు విడతలు. ఆపరేషన్‌కు ముందే మొదలుపెట్టమనడం ఇంకా మంచిది, నొప్పి లేనప్పుడు నేర్చుకున్నది నొప్పిలో గుర్తుంటుంది.

కానీ ఒక బొమ్మ దెబ్బతీసింది. విశ్రాంతి పేజీలో పేషెంటు పడుకుని ఉంటే మోకాలి కింద దిండు గీశారు. చేయకూడనిది సరిగ్గా అదే. కింద దిండు పెడితే హాయిగా ఉంటుంది, ఎందుకంటే కొంచెం వంగిన స్థితిలో కీలు లోపల వాపుకు చోటు ఎక్కువ దొరుకుతుంది. అలా వారాల తరబడి ఉంచితే వెనకవైపు కణజాలం ఆ పొడవుకే బిగుసుకుపోతుంది, మోకాలు పూర్తిగా చాచుకోదు, కుంటు మిగిలిపోతుంది. మోకాలు వంగకపోవడం గురించే అందరూ దిగులు పడతారు, చాచుకోకపోవడం ఇంకా పెద్ద చిక్కు. తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టాలి, మోకాలి వెనక ఖాళీ ఉండాలి, పది నిమిషాలు దాని బరువుకు అది దిగనివ్వాలి. పుస్తకంలో ఆ దిండు మీద పెన్నుతో అడ్డగీత గీయండి.

తిండి పేజీలో "ప్రోటీన్ ఎక్కువ గల ఆహారం తీసుకోవాలి" అని ఉంది. మన ఇళ్లలో ఆపరేషన్ అయినవాళ్లకు పెట్టేది పత్యం. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, మాంసం వద్దు, వంకాయ అసలే వద్దు. చివరికి చారన్నం, బీరకాయ కూర. పుస్తకం రాసినవాళ్లకు ఇది తెలియదని కాదు, తెలుగు పుస్తకమే కదా, తెలుగువాళ్లే రాసి ఉంటారు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తిప్పి రాశారు, అంతే. చీము క్రిముల వల్ల పడుతుంది, పప్పు వల్ల పడదు. గాయం మానడానికి, కండ తిరిగి పట్టడానికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 లేదా 7, చిన్న కప్పు ముద్దపప్పులో 7 లేదా 8. చారన్నంతో ఆ లెక్క సగానికి కూడా చేరదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగే పెంచుకోవాలి. ఈ మాట పేషెంటుకు చెప్పి లాభం లేదు, వంట చేసేవాళ్లకు, ఇంట్లో పెద్దావిడకు చెప్పాలి. క్లాసుకు వెంట తీసుకెళ్లాల్సింది కారు నడిపేవాళ్లను కాదు, వాళ్లను.

వాపుకు కాపడం, నూనె మర్దన కూడా ఇంట్లోవాళ్లు ప్రేమతో చేసే తప్పులే. మొదటి వారాల్లో ఐసు, గుడ్డ చుట్టి 15, 20 నిమిషాలు. పిక్క మర్దన అసలే వద్దు, అక్కడ గడ్డకట్టిన రక్తం ఉంటే కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. రక్తం పలచబడే మందు మోకాలికి సాధారణంగా రెండు వారాలు, తుంటికి ఐదు వారాల దాకా ఇస్తారు. నడుస్తున్నాం కదా అని మధ్యలో ఆపకూడదు.

నొప్పి మాత్ర గురించి మంచి సలహా ఒకటి ఇచ్చారు: వ్యాయామానికి అరగంట, ముప్పావుగంట ముందు వేసుకోమని. చెప్పనిది: ట్రమడాల్ అనే నొప్పి మందుతో కలిపి వచ్చే మాత్రల్లో పారాసిటమాల్ కూడా ఉంటుంది, దాంతో పాటు విడిగా పారాసిటమాల్ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. రెండు స్ట్రిప్పుల వెనక ఏముందో చదవమని ఫార్మసీలో అడగండి.

ఏది మామూలు, ఏది ప్రమాదం అన్న పట్టిక పుస్తకంలో 24వ పేజీలో ఉంది, దాన్ని చించి ఫ్రిజ్ మీద అతికించుకోవచ్చు. మచ్చకు బయటివైపు అరచేతంత మేర తిమ్మిరి, నెలల తరబడి కాస్త వెచ్చదనం, సాయంత్రానికి వాపు, నడిచేటప్పుడు టిక్కుమనే శబ్దం, పిక్క దాకా కమిలిన రంగు: మామూలే. ఆగకుండా తడి కారడం, ఎరుపు పాకడం, తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరగడం, జ్వరం, పిక్క గట్టిపడి నొప్పి, ఆయాసం, ఛాతీ నొప్పి: వెంటనే ఆసుపత్రి. దీనికి మేం చేర్చేది ఒక్కటే. కుట్లలోంచి తడి కారుతుంటే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరో, మందుల షాపులోనో యాంటిబయాటిక్ తీసుకోవద్దు. పైకి తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల క్రిములు లోహం మీద పొరలా పట్టేస్తాయి, ఆ తర్వాత పరీక్షలో ఏ క్రిమో కూడా తేలదు. మొదటి వారాల్లో కడిగి, మధ్య ప్లాస్టిక్ ముక్క మార్చి కాపాడుకోగలిగే కీలును, ఆలస్యమైతే మొత్తం తీసేయాల్సి వస్తుంది.

కాగితాలు

ఇన్సూరెన్స్ డెస్క్ మనిషి పది నిమిషాలు మాట్లాడారు, అందులో ఇంప్లాంట్ ధర ప్రస్తావన లేదు. జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ 2017 ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధరలు పెట్టింది. అప్పట్లో ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి ₹54,720, టైటానియం, ఆక్సిడైజ్డ్ జిర్కోనియం రకాలకు ₹76,600, జీఎస్టీ అదనం. తర్వాత సవరణలు వచ్చాయి కాబట్టి ఇప్పటి అంకె ఆ సంస్థ వెబ్‌సైట్లో చూసుకోవాలి. బిల్లులో ఇంప్లాంట్ ధర విడిగా, కంపెనీ పేరుతో చూపించమని అడగండి. ప్యాకేజీ అంటూ అన్నీ ఒకే వరసలో కలిపేస్తే దేనికెంతో తెలియదు. ఇంప్లాంట్ పెట్టెల మీది స్టిక్కర్లు కేసు షీట్‌లో అతికిస్తారు. కంపెనీ, సైజు, లాట్ నంబరు అందులో ఉంటాయి. ఇంటికి వెళ్లేలోపు ఆ పేజీ ఫోటో తీసుకోండి. పదిహేనేళ్ల తర్వాత ఇంకో ఊళ్లో ఇంకో సర్జన్ మధ్య ప్లాస్టిక్ ముక్క ఒక్కటే మార్చాలంటే, ఏ కంపెనీదో ఏ సైజుదో తెలియక మొత్తం విప్పాల్సిన పరిస్థితి రాకూడదు.

అంగీకార పత్రం క్లాసులో చూపించలేదు. అడ్మిట్ అయిన సాయంత్రం, ఇంగ్లీషులో, సంతకం పెట్టాల్సిన చోట టిక్కులు కొట్టి ఇస్తారు. చికిత్స ఏమిటి, దానివల్ల లాభం, ముప్పు, వేరే దారులు ఏమున్నాయి అన్నవి చెప్పాకే అంగీకారం తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టంగా చెప్పింది. శనివారమే ఒక కాపీ ఇచ్చి ఇంటికి తీసుకెళ్లనిస్తే అమెరికాలో ఉన్న కొడుకో కూతురో కూడా చదివి ప్రశ్నలు అడుగుతారు. ఎలాగూ చివరి నిర్ణయం వాళ్లతో ఫోన్‌లో మాట్లాడాకే జరుగుతుంది కదా. అడిగితే ఇస్తున్నారు, కాబట్టి అడగండి. రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించుకోవాలనుకునేవాళ్లు అందులో ఆ సంగతి, ఆ ముప్పు విడిగా రాసి ఉన్నాయో లేదో కూడా చూడాలి.

మోకాలి పరిస్థితికి మార్కులు వేసే ఆక్స్‌ఫర్డ్ ఫారం కూడా ఇస్తారు, 12 ప్రశ్నలు, 48 మార్కులు. ఆపరేషన్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నింపితే మార్పు తెలుస్తుంది. ఇంగ్లండులో తయారైనది కాబట్టి కారు దిగడం, సరుకులు తెచ్చుకోవడం లాంటివి ఉంటాయి, నేల మీద కూర్చోవడం ఉండదు. నింపేటప్పుడు తొందరపెట్టారు, ఇద్దరి ఫారాలు వెంట వచ్చినవాళ్లే నింపేశారు. పేషెంటు చేతే నింపించాలి, లేకపోతే అది కొడుకు అనుకునే నొప్పి అవుతుంది.

మార్కులు: తెర ముందు అరగంటకు పదికి మూడు, అవీ ప్లాస్టిక్ నమూనాకే. నర్సు భాగానికి ఆరు. చివరి అరగంటకు తొమ్మిది. పుస్తకానికి ఐదు. వీడియోలో మెట్లు ఎక్కే భాగం బాగుంది, ఇంటికొచ్చాక మళ్లీ చూడండి.

పుస్తకం వెనక అట్ట మీద "సందేహాలకు 24 గంటలూ" అని ఒక నంబరు ఉంది. అది అపాయింట్‌మెంట్ల డెస్క్‌ది. రాత్రి పది దాటాక చేస్తే పొద్దున ఓపీకి రమ్మంటారు. క్లాసు అయిపోయాక జాయింట్ విభాగం నర్సు డ్యూటీ ఫోన్ నంబరు, వార్డు నంబరు అడిగి ఆ అట్ట మీదే రాయించుకోండి. అక్కడ ఉండగానే ఒకసారి రింగ్ చేసి చూడండి.